నాన్నగారి తర్వాత ఊళ్లో ఆస్తి, అమ్మ ఒంటరి, మనం అమెరికాలో: మూడు వారాల సెలవులో ఏ పని ముందు?

మీరు రాసిన దాన్ని క్లుప్తంగా చెప్పుకుందాం, చదివే మిగతావాళ్లకూ ఉపయోగపడుతుంది. మీరు డాలస్‌లో హెచ్‌1బీ మీద పనిచేస్తున్నారు. నాన్నగారు పోయిన ఏడాది కాలం చేశారు, వీలునామా రాయలేదు. కావలిలో ఇల్లు, జలదంకి మండలంలో నాలుగెకరాల మాగాణి, రెండు బ్యాంకుల్లో డిపాజిట్లు ఇంకా ఆయన పేరు మీదే ఉన్నాయి. అమ్మగారు కావలిలో ఒక్కరే ఉంటున్నారు. చెల్లెలిది బెంగళూరు. మీరు మూడు వారాల సెలవు మీద వస్తున్నారు. బాబాయి "నాకు జీపీఏ రాసిచ్చి పో నాయనా, అంతా నేను చూసుకుంటా" అంటున్నారు (జీపీఏ అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, మీ తరఫున అన్ని పనులూ చేసే అధికార పత్రం). రాసివ్వాలా, వద్దా? ఈ మూడు వారాల్లో ఏ పని ముందు చేయాలి? ఇవీ మీ ప్రశ్నలు.

నేను నెల్లూరు జిల్లాలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ కాలం ఎన్‌ఆర్‌ఐ ఖాతాలు, చనిపోయినవారి డిపాజిట్ల క్లెయిములు చూశాను. ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచి కువైట్ వెళ్లినవాళ్లు, నెల్లూరు, కావలి నుంచి అమెరికా వెళ్లినవాళ్లు ఇలాంటి కాగితాల సంచితోనే వచ్చి నా ఎదురుగా కూర్చునేవాళ్లు. ఇప్పటికీ తెలిసినవాళ్లు ఫోన్ చేస్తూనే ఉంటారు. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

బాబాయికి జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసివ్వకండి. ఆయన మంచివారు కాదని నా ఉద్దేశం కాదు. నాన్న లేనప్పుడు పొలం గట్టు మీద నిలబడేది, కౌలుదారుతో మాట్లాడేది, అర్ధరాత్రి అమ్మకు ఒంట్లో బాగోకపోతే పరుగున వచ్చేది ఆయనే. ఆయనతో మీకు ఇంకా చాలా ఏళ్ల అవసరం ఉంది. అమ్మే హక్కు, తాకట్టు పెట్టే హక్కు, అప్పు తెచ్చే హక్కు అన్నీ ఒకే కాగితంలో ఆయన చేతికిస్తే, ఆయన ఎంత నిజాయితీగా ఉన్నా రేపు ఏదో ఒక రోజు మీ చెల్లెలి ఇంట్లోనో, ఆయన పిల్లల దగ్గరో ఒక మాట వస్తుంది. జీపీఏ రాసుకున్న ఇళ్లలో అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోవడం చాలాసార్లు చూశాను. ఆయన మీద గౌరవం ఉంటే ఆ బరువు ఆయన మీద పెట్టకండి.

ఇంకో సంగతి. ఆ ఆస్తి మొత్తానికి మీరు ఒక్కరే హక్కుదారు కారు. వీలునామా లేకుండా పోయిన హిందువు స్వార్జితం 1956 వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకుకు, కూతురికి సమానంగా వస్తుంది. చనిపోయినవారి తల్లి బతికి ఉంటే ఆమెకూ వాటా ఉంటుంది, ఇది చాలామందికి గుర్తుకురాదు. మీ నాయనమ్మ ఉన్నారో లేదో మీరు రాయలేదు. ఉంటే వాటాలు నాలుగు, లేకపోతే మూడు. పొలం తాతల నాటిదైతే లెక్క మళ్లీ మారుతుంది, ఎందుకంటే అందులో మీకూ చెల్లెలికీ పుట్టుకతోనే హక్కు ఉంటుంది. ఆ వాటాలు కావలిలో మంచి సివిల్ లాయరు చేత ఒక కాగితం మీద వేయించుకోండి, గంట పని. మీ సంతకంతో మీరు అధికారం ఇవ్వగలిగింది మీ వాటా మీద మాత్రమే.

"పెళ్లప్పుడు పసుపు కుంకుమ కింద ఇచ్చాం కదా, ఆడపిల్ల సంతకం ఎందుకు" అని ఊళ్లో ఎవరో ఒకరు అంటారు. వినకండి. 2005 సవరణ తర్వాత పిత్రార్జితంలో కూతురు కొడుకుతో సమానం. తండ్రి ఎప్పుడు పోయారన్న దానితో సంబంధం లేకుండా ఆ హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. స్వార్జితంలో ఆమె వాటాకు అసలు ప్రశ్నే లేదు. చెల్లెలి సంతకం లేకుండా పూర్తి చేసిన ఏ కాగితమూ రేపు కొనేవాడి లాయరు ముందు నిలవదు. ఆమెను మొదటి రోజు నుంచే కూర్చోబెట్టి మాట్లాడండి. వీలైతే మీ సెలవులో ఒక వారం ఆమె కూడా కావలి వచ్చేలా చూసుకోండి. ముగ్గురూ ఒకే రోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఉండగలిగితే తర్వాతి సంవత్సరాల తిరుగుడు చాలా తప్పుతుంది.

ఇక పేర్ల దగ్గరికొద్దాం. ఇక్కడే ఎక్కువ ఆలస్యం జరుగుతుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. దిగిన రోజో మర్నాడో ఇంట్లో ఉన్న కాగితాలన్నీ మంచం మీద పరవండి. రిజిస్టర్ దస్తావేజు, దాని లింకు డాక్యుమెంట్లు (అంతకుముందటి దస్తావేజులు), పట్టాదారు పాస్‌బుక్, ఆధార్, పాన్, బ్యాంకు బాండ్లు, కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు, మరణ ధ్రువీకరణ పత్రం. ఒక తెల్లకాగితం తీసుకుని ఒక్కొక్క దాంట్లో నాన్నగారి పేరు ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా రాయండి. దస్తావేజులో "పెంచలయ్య" అని, పాస్‌బుక్‌లో "వెంకట పెంచలయ్య" అని, ఆధార్‌లో "పెంచలరావు" అని, మరణ ధ్రువీకరణ పత్రంలో ఇంటిపేరు బదులు పొడి అక్షరం ఒక్కటే ఉండటం మన వైపు మామూలే. పెంచలయ్యలు, రమణయ్యలు, మాల్యాద్రులు, మస్తానయ్యలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఇంటిపేరు, తండ్రి పేరు కలిస్తేనే మనిషెవరో తేలుతుంది. బ్యాంకులో మేం క్లెయిము ఆపేది కూడా ఎక్కువగా ఇందుకే. డబ్బు ఇవ్వకూడదని కాదు, ఈ ఇద్దరూ ఒక్కరే అని మా ఫైల్లో ఒక కాగితం ఉండాలి కాబట్టి.

చనిపోయినవారి ఆధార్‌ను ఇప్పుడు దిద్దలేం. అందుకని ఈ పేర్లన్నీ ఒకే వ్యక్తివని అమ్మగారు, మీరిద్దరూ కలిసి నోటరీ అఫిడవిట్ చేయించండి. పత్రాల్లో ఉన్న ప్రతి రూపాన్నీ అందులో రాయించండి. ఒకటికి నాలుగు ఒరిజినళ్లు చేయించుకోండి, అడిగిన ప్రతి ఆఫీసూ ఒకటి తీసి పెట్టుకుంటుంది. మరణ ధ్రువీకరణ పత్రంలోనే పేరు తప్పుంటే మాత్రం అఫిడవిట్‌తో సర్దుకోకండి. మున్సిపాలిటీలో దాన్నే సరిచేయించండి, మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

బతికి ఉన్నవాళ్ల పేర్లు కూడా సరి చూసుకోండి. అమ్మగారి ఆధార్‌లో పుట్టింటి పేరుందా, అత్తింటి పేరుందా? మీ పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో పొడి అక్షరమే ఉందా? మీవి రెండూ ఒకటి చేసుకోవడానికి ఈ సెలవు సరిపోతుంది. అమ్మగారిని ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లి బయోమెట్రిక్ కూడా అప్‌డేట్ చేయించండి. ఏళ్ల తరబడి గిన్నెలు తోమి, పిండి రుబ్బిన చేతులకు వేలిముద్రలు సరిగా పడవు. రిజిస్ట్రేషన్ రోజున మిషను మీద బొటనవేలు, చూపుడువేలు, మళ్లీ బొటనవేలు పెట్టి పెట్టి ఆమె విసిగిపోతారు, వెనక వరుసలో ఉన్నవాళ్లు గొణుగుతారు, చివరకు రేపు రమ్మంటారు. ఈ ఒక్క పని ముందుగా చేసుకుంటే ఆ రోజు కలిసొస్తుంది. కనుపాప స్కాన్ కూడా కొత్తగా తీయమని అడగండి.

కందుకూరు వైపువాళ్లు ఇది చదువుతుంటే మీకొక మాట. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. గూడూరు వైపు తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. ఆ తర్వాత కూడా జిల్లా హద్దులు మళ్లీ మారాయి, కాబట్టి మీ దస్తావేజుల్లో, పాస్‌పోర్టుల్లో ఇప్పటిది కాని జిల్లా పేరు ఉండొచ్చు. అది తప్పు కాదు, టెన్షన్ పడి పాస్‌పోర్టు మార్చుకోనక్కర్లేదు. పై అఫిడవిట్‌లోనే జిల్లా మార్పు గురించి ఒక వాక్యం రాయించుకుంటే చాలు.

మీరు విమానం ఎక్కకముందే అమ్మ, చెల్లెలు మొదలుపెట్టగలిగినవి కొన్ని ఉన్నాయి. సచివాలయంలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయించండి. అది తహసీల్దారు నుంచి రావాలి, విచారణ ఉంటుంది, దానికి రోజులు పడతాయి. మీరొచ్చాక మొదలుపెడితే సెలవంతా దానికే సరిపోతుంది. ఇల్లు, పొలం రెండింటికీ ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించండి. భూమి రికార్డుల వెబ్‌సైట్ మీభూమిలో 1బి (పట్టాదారు రికార్డు), అడంగల్ (సాగు రికార్డు) చూడండి. పొలం రిజిస్ట్రేషన్ చేయకూడని 22ఏ జాబితాలో పొరపాటున పడిందేమో కూడా చూడమనండి. పడితే దాన్ని తీయించడం మూడు వారాల పని కాదు, ఇప్పుడే అర్జీ పెట్టాలి.

మీ ఊళ్లో రీసర్వే అయిందేమో కనుక్కోండి. అయితే పాత సర్వే నంబరు స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరు వచ్చి ఉంటుంది. దస్తావేజులో ఉన్న విస్తీర్ణాన్నీ కొత్త రికార్డులో ఉన్న విస్తీర్ణాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. కొలతల రోజున యజమాని లేకపోతే గట్టు ఎటు జరిగినా అడిగేవాళ్లుండరు. నాలుగెకరాలు కాగితంలో మూడెకరాల తొంభై సెంట్లు అయి ఉంటే ఇప్పుడే తహసీల్దారుకు రాతపూర్వకంగా ఇచ్చి, అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. ఈ పనికి బాబాయి కావాలి. గట్టు ఎక్కడుండాలో మీకంటే, నాకంటే ఆయనకే బాగా తెలుసు.

ఇప్పుడు ఎన్‌ఆర్‌ఐగా మీకున్న ఒక పరిమితి. విదేశాల్లో ఉండేవారు మన దేశంలో ఇల్లు, స్థలం కొనొచ్చు కానీ వ్యవసాయ భూమి కొనకూడదు, దానంగా కూడా పుచ్చుకోకూడదు. వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు. కాబట్టి నాన్నగారి పొలంలో మీ వాటా మీకు రావడానికి ఏ అడ్డూ లేదు. కానీ అమ్మగారు ప్రేమ కొద్దీ "నా వాటా కూడా ఇప్పుడే వాడి పేరున సెటిల్‌మెంట్ రాసేస్తా" అంటే వద్దనండి, అది దానం కిందే లెక్క. డాక్యుమెంటు రైటరు రాసేస్తాడు, రిజిస్ట్రేషన్ కూడా అయిపోవచ్చు, చిక్కు తర్వాత ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) దగ్గర వస్తుంది. చెల్లెలు తన వాటా మీకు వదిలేస్తూ రిలీజ్ డీడ్ రాస్తానన్నా పొలం విషయంలో అదే జాగ్రత్త. ఆమె అమ్మకు రాస్తే ఇబ్బంది లేదు, మీకు రాసేముందే లాయరును అడగండి. అమ్మగారి కోరిక అదే అయితే వీలునామా రాయించండి. దానికి స్టాంపు పేపరు అక్కర్లేదు. ఇద్దరు సాక్షుల ఎదుట ఆమె సంతకం చేయాలి, ఆ ఇద్దరూ సంతకం పెట్టాలి. సాక్షులు వాటా పొందేవాళ్లు కాకుండా చూసుకోండి. రిజిస్టర్ చేయించడం తప్పనిసరి కాదు, అయినా చేయించడమే మేలు.

నా సలహా ఏమిటంటే ఈ సెలవులో పొలం పంచుకోకండి. ముగ్గురి పేర్ల మీద మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డులో పేరు మార్పు) చేయించి, ఉమ్మడిగా పాస్‌బుక్‌లోకి ఎక్కించుకుంటే ప్రస్తుతానికి చాలు. పాస్‌బుక్‌లో పేరు ఎక్కడం వేరు, హక్కు వేరు. హక్కు నాన్నగారు పోయిన రోజే వచ్చింది, మ్యుటేషన్ రికార్డును దానికి సరిచేస్తుంది. పంచుకోవాలంటే కాలువ వైపు ముక్క ఎవరికి, లోతట్టు ముక్క ఎవరికి అన్న మాటలు వస్తాయి. తండ్రి పోయి ఏడాదే అయింది, ఆ మాటలు తొందరపడి మాట్లాడుకునేవి కావు. ఇల్లు మాత్రం వేరు. అమ్మగారు ఉన్నంతకాలం ఆ ఇంట్లో ఆమె మాటే చెల్లాలంటే మీరూ చెల్లెలూ మీ వాటాలను ఆమెకు రిలీజ్ చేయడం మంచి పద్ధతి. ఎవరూ ఆమెను "ఇల్లు మాది కూడా" అనలేరు. కరెంటు మీటరు, ఇంటి పన్ను అసెస్‌మెంటు కూడా అదే వారంలో ఆమె పేరుకు మార్పించండి.

కౌలు సంగతి. మన వైపు ఎకరాకు ఇన్ని పుట్లని నోటి మాట మీదే నడుస్తుంది, పుట్టి అంటే 850 కిలోలు. నాన్నగారున్నప్పుడు ఆ మాట చాలింది. ఇప్పుడు పదకొండు నెలల ఒప్పందం కాగితం మీద రాసుకోండి, కౌలు సొమ్ము అమ్మగారి ఖాతాలో పడేలా అందులోనే రాయండి. కౌలుదారు గుర్తింపు కార్డుకు మీ సమ్మతి అడిగితే భయపడకండి. 2019 చట్టం ప్రకారం ఇచ్చే ఆ కార్డు పదకొండు నెలలదే, పంట మీద హక్కే ఇస్తుంది, భూమి మీద హక్కు రాదు. అతనికి పంట రుణం, పంట నష్టపరిహారం దాని మీదే వస్తాయి. పొలం దున్నేది అతనే కాబట్టి ఆ మేలు అతనికి అందనివ్వండి.

బ్యాంకుల దగ్గర పని మీరు అనుకున్నంత కష్టం కాదు. నామినీ ఉంటే మరణ ధ్రువీకరణ పత్రం, నామినీ గుర్తింపు, క్లెయిము ఫారం ఇస్తే కాగితాలన్నీ అందిన పదిహేను రోజుల్లో పరిష్కరించాలని రిజర్వు బ్యాంకు నిబంధన. అక్కడ ఎవరైనా "కోర్టు నుంచి వారసత్వ సర్టిఫికెట్ తెండి" అంటే, నామినీ ఉన్నప్పుడు అది అక్కర్లేదని మర్యాదగా చెప్పి, వాళ్లడిగేది రాతపూర్వకంగా ఇవ్వమనండి. నామినీ ఆ డబ్బుకు ధర్మకర్త మాత్రమే, వాటాలు వారసులవే. అమ్మగారే నామినీ అయితే మీకు పేచీ ఉండదనుకుంటాను. నాన్నగారికి మరిచిపోయిన పాత ఖాతాలేమైనా ఉన్నాయేమో రిజర్వు బ్యాంకు ఉద్గమ్ పోర్టల్లో వెతకండి. పదేళ్లు ఎవరూ అడగని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్తాయి, అయినా వారసులు అడిగితే తిరిగి వస్తాయి.

మీ సొంత ఖాతా గురించి మీరు అడగలేదు, కానీ కావలిలో కాలేజీ రోజుల్లో తెరిచిన సేవింగ్స్ ఖాతా ఇంకా అలాగే నడుస్తోందని మీ మాటల్లో తెలుస్తోంది. ఉద్యోగానికి విదేశం వెళ్లాక అది మామూలు ఖాతాగా ఉండకూడదు, ఎన్‌ఆర్‌ఓగా (ఎన్‌ఆర్‌ఐలు ఇక్కడి ఆదాయం వేసుకునే ఖాతా) మార్పించాలి. కౌలులో, అద్దెలో, ఆస్తి అమ్మిన సొమ్ములో మీరు తీసుకునే వాటా ఇందులోకే రావాలి. అక్కడ సంపాదించి పంపే డబ్బుకు ఎన్‌ఆర్‌ఈ వేరుగా తెరవండి. దాని మీద వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, ఎప్పుడైనా వెనక్కి పంపుకోవచ్చు. ఎన్‌ఆర్‌ఓ వడ్డీ మీద 30 శాతం, పైన సెస్సు టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసుకునే పన్ను) పడుతుంది. అందులోంచి ఆడిటర్ సర్టిఫికెట్‌తో ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు. పాన్ రికార్డులో మీ స్టేటస్ ఎన్‌ఆర్‌ఐ అని మార్పించండి, లేకపోతే ఆధార్‌తో లింకు లేదని పాన్ పనిచేయకుండా పోయి టీడీఎస్ ఇంకా ఎక్కువ పడుతుంది.

అమ్మగారి ఖాతాలో జాయింటుగా మీ పేరు కంటే చెల్లెలి పేరు ఉండటం మేలు. ఓటీపీలు సులువు, ఆమె దేశంలోనే ఉంటుంది, అవసరమైన రోజున గంటలో డబ్బు తీయగలదు. పైగా మీ పేరుంటే ఆ ఖాతా కూడా అమెరికాలో మీరు చూపించాల్సిన లెక్కలోకి వస్తుంది. అమెరికా బయట మీ పేరున్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా పది వేల డాలర్లు దాటితే అక్కడి ప్రభుత్వానికి ఎఫ్‌బార్ అనే నివేదిక వేయాలి. వారసత్వంగా వచ్చింది లక్ష డాలర్లు దాటితే ఫారం 3520 కూడా ఉంటుంది, పన్ను కట్టడానికి కాదు, తెలియజేయడానికి. ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి ఇక్కడ పన్ను లేకపోయినా అక్కడ ఉంటుంది. అమెరికాలో మీ పన్నులు చూసే అకౌంటెంటుకు (సీపీఏ) ఈ ఏడాదే అన్నీ చెప్పండి. ఇంకొకటి, నాన్నగారు పోయిన రోజునాటి ఇంటి, పొలం విలువకు వాల్యుయర్ రిపోర్టు ఒకటి తీసి పెట్టుకోండి. రేపు అమ్మితే అమెరికా లెక్కలో మీ కొనుగోలు ధర ఆ విలువే అవుతుంది, ఆలస్యమయ్యే కొద్దీ ఆ రిపోర్టు తెచ్చుకోవడం కష్టం.

అమ్మకం ఇప్పుడు మీ ఆలోచనలో లేదు కాబట్టి రెండు మాటలే. పల్లెలోని సాగుభూమి అమ్మకం మీద ఇక్కడ మూలధన లాభం పన్ను లేదు. అయితే పట్టణానికి ఎంత దూరం అన్నది చూస్తారు. జనాభా లక్ష లోపున్న కావలి లాంటి మున్సిపాలిటీ హద్దు నుంచి 2 కిలోమీటర్లు, లక్ష దాటిన నెల్లూరు, ఒంగోలు నుంచి 6 కిలోమీటర్లు, అదీ రోడ్డు దూరం కాదు, నేరుగా కొలిచే దూరం. ఆ లోపుంటే పన్ను ఉంటుంది. ఆ పొలాన్ని మీరు ఇక్కడ నివసించే భారతీయులకే అమ్మాలి. ఇల్లో స్థలమో అమ్మినప్పుడు, అమ్మేవారిలో ఎన్‌ఆర్‌ఐ ఉంటే కొనేవాళ్లు ఆ వాటా మీద భారీగా టీడీఎస్ పట్టాలి. 50 లక్షల లోపైతే అక్కర్లేదన్న మినహాయింపు, ఒక్క శాతం అన్న లెక్క ఎన్‌ఆర్‌ఐలకు వర్తించవు. ముందే ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్ తెచ్చుకుంటే లాభం మేరకే పడుతుంది. సొమ్ములో కొంత చేతికిస్తామంటే ఒప్పుకోకండి. స్థిరాస్తికి ఇరవై వేలు, ఆపైన నగదు తీసుకోవడం చట్టవిరుద్ధం, తీసుకున్నంత మొత్తమూ జరిమానా పడుతుంది. ఆ నగదును డాలస్‌కు పంపే దారి కూడా ఉండదు.

ఇక బాబాయికి ఏం రాసివ్వాలి? స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వండి. రెవెన్యూ ఆఫీసులో మీ తరఫున దరఖాస్తు పెట్టడం, సర్వే రోజున హాజరవడం, పన్నులు కట్టడం, కౌలు రసీదు ఇవ్వడం, అంతే. అమ్మడానికి, తాకట్టుకు, అప్పుకు, దానానికి, ఇంకొకరికి అధికారం బదలాయించడానికి వీల్లేదని అందులోనే స్పష్టంగా రాయించండి. ఏడాదో రెండేళ్లో గడువు పెట్టండి. ఆయన ముందే చదివి వినిపించి, "రేపు మిమ్మల్ని ఎవరూ ఒక మాట అనకూడదు బాబాయ్" అని చెప్పండి, అర్థం చేసుకుంటారు. మీరు ఇక్కడున్నప్పుడే సబ్ రిజిస్ట్రార్ ఎదుట చేయించుకుంటే పని సులువు. డాలస్ వెళ్లాక పంపాలంటే నోటరీ చేయించి టెక్సాస్ రాష్ట్రం చేత అపోస్టిల్ (ఆ నోటరీ నిజమైనదేనని వేరే దేశాల కోసం వేసే ప్రభుత్వ ధ్రువీకరణ) వేయించాలి, లేదా కాన్సులేట్ అటెస్టేషన్ కావాలి. కువైట్, ఖతర్, ఎమిరేట్స్‌లో ఉన్నవాళ్లకు అపోస్టిల్ దారి లేదు, ఎంబసీకే వెళ్లాలి. అలా వచ్చిన కాగితానికి ఇండియా చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఉదయగిరి వైపు ఒక కుటుంబంలో కొడుకు కువైట్ నుంచి సెలవు పెట్టుకుని ఎంబసీకి వెళ్లి పంపిన పవరు, ఇక్కడ బీరువాలో చీరల కింద ఉండిపోయి గడువు దాటింది. అతను మళ్లీ సెలవు పెట్టి, మళ్లీ ఎంబసీకి వెళ్లాల్సి వచ్చింది.

అమ్మగారి ఆరోగ్యం గురించి మీ రాతలో ఉన్న దిగులు నాకు అర్థమైంది. కావలి నుంచి నెల్లూరు సుమారు 60 కిలోమీటర్లు, ఒంగోలు కూడా దాదాపు అంతే. గుండెకు సంబంధించిందో, పక్షవాతమో అయితే ఏ ఊరు, ఏ ఆసుపత్రి అన్నది ఆ రాత్రి ఆలోచించే విషయం కాదు. మీరున్నప్పుడే ఆమెను ఒకసారి ఆ ఆసుపత్రిలో చూపించి ఫైలు తెరిపించండి. మందుల పేర్లు, మోతాదులు, 108, బాబాయి నంబరు, పక్కింటి వారి నంబరు, చెల్లెలి నంబరు పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. ఇంటి తాళం చెవి ఒకటి పక్కింట్లో ఉండాలి. ఆరోగ్య బీమా లేకపోతే ఇప్పుడైనా తీసుకోండి. 2024 ఏప్రిల్ నుంచి 65 దాటినవారికి కూడా కొత్త పాలసీ ఇవ్వొచ్చు. ఉన్న జబ్బులకు వెయిటింగ్ గరిష్ఠంగా మూడేళ్లు, అందుకే ఈ సంవత్సరమే మొదలుపెట్టడం మంచిది. షుగరు, బీపీ ఉంటే దాచకుండా రాయండి. పోలీసులమంటూ వీడియో కాల్ చేసి భయపెట్టే మోసాల గురించి అమ్మగారికి వివరంగా చెప్పండి. మీ అబ్బాయిని అమెరికాలో పట్టుకున్నామని ఎవరు ఫోన్ చేసినా పెట్టేసి చెల్లెలికి చేయమనండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

మీ ఇండియా సిమ్‌ను చావనివ్వకండి. ఆధార్, బ్యాంకు, ఆదాయపు పన్ను, అన్నిటి ఓటీపీలూ దానికే వస్తాయి. ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకుని, రీచార్జి గడువు దాటకుండా చూసుకోండి. ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలకు అమెరికా నంబరుతోనే యూపీఐ కూడా వస్తుంది, మీ బ్యాంకు ఇస్తోందేమో అడగండి. అమ్మగారికి చిన్న ఖర్చులకు అది చాలు.

సంక్రాంతి వారంలో మాత్రం దిగకండి, ఆఫీసుల్లో ఎవరూ దొరకరు. మొదటి వారం పేర్లు, ఆధార్, బ్యాంకు, లాయరు. రెండో వారం చెల్లెలు వచ్చాక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు, మ్యుటేషన్ దరఖాస్తు. మూడో వారం అమ్మగారికే వదిలేయండి, ఏ ఆఫీసు పనైనా జారితే అందులో రెండు రోజులు తీసుకోండి.

మీరు మళ్లీ రాసేటప్పుడు మూడు సంగతులు చెప్పండి: నాయనమ్మ ఉన్నారా, పొలం తాతల నాటిదా నాన్నగారు కొన్నదా, రీసర్వే అయిందా. నాన్నగారి పేరు ఏయే కాగితంలో ఎలా ఉందో కూడా రాయండి, అఫిడవిట్ నమూనా తెలుగులో తయారుచేసి ఇస్తాను. సర్వే నంబరు, ఆధార్ నంబరు, ఖాతా నంబర్లు మాత్రం పదిమంది చూసే చోట పెట్టకండి.